కన్నములు వెదకు కావలివారు

కాపుగాయువానికి మన భాషలో పేర్లకు కొదువ లేదు. కావలివాడు, తలారి, ఆరెకుడు, ద్వారపాలకుడు, దౌవారికుడు అని యొక్కొక్క పేరు ఒక్కొక్క చోటును, ఒక్కొక్క పనిని జ్ఞప్తికి దెచ్చును. వీరందఱును గాచునది కంటికి గనబడు వస్తువు: గోడ, తలుపు, గాదె, ఊరి పొలిమేర. నేను నేడు చెప్పబోవు కావలివారు గాచునది కంటికి గనబడదు. బ్యాంకిలోని మన నిలువ, ఆసుపత్రిలోని మన రోగవృత్తాంతము, పిల్లల పరీక్షామార్కులు, పొలముల హక్కుపత్రములు, ఇవి యన్నియు నిప్పుడు కంప్యూటర్లలో అక్షరములై, అంకెలై యున్నవి. పూర్వము కరణము తన యింటి పెట్టెలో తాళము వేసి యుంచిన లెక్కలను, నేడు వేయి మైళ్ల దూరమున కుర్చీలో గూర్చున్నవాడొకడు చదువవచ్చును, తుడిచివేయవచ్చును, మార్చి వ్రాయవచ్చును. అట్టివానిని నిలుపుట వృత్తిగా గలవారు మన నగరములలో వేలకొలది కలరు. వారు నెలకొకమాఱో, రెండు నెలల కొకమాఱో యొకచో గూడి యేమి చేయుదురో చెప్పుట నా ప్రసంగోద్దేశము.

వీరి సంఘములకు లోకమంతట శాఖలున్నవి. ఆంగ్లమున నట్టి శాఖను 'ఛాప్టరు' అందురు. ఛాప్టరనగా గ్రంథమునందలి యధ్యాయము గదా, మనుష్యుల గుంపునకు ఆ పేరెట్లు వచ్చినది? ఐరోపాలోని క్రైస్తవ మఠములలో సన్న్యాసులు ప్రతిదినమును ఒకచో గూడి, తమ నియమగ్రంథమునుండి యొక యధ్యాయము చదివించుకొని వినెడివారు. అధ్యాయము వినుటకై కూడిన కూటమునకే క్రమముగా ఆ పేరు స్థిరపడినది. మనకును వేదశాఖ యనగా ఒకే పాఠము నధ్యయనము చేయువారి పరంపరయే కావున, దీనిని శాఖ యనుట చక్కగా కుదిరినది.

ఈ సంఘములు రెండు తెఱగులు. మొదటి తెఱగువి యోగ్యతాపత్రము లొసగునవి. 1969లో అమెరికాలో కంప్యూటరు లెక్కల తనిఖీదారులు కొందఱు చేరి స్థాపించిన సంఘము నేడు ఐసాకా యను పేర ప్రసిద్ధము. 1989లో ఏర్పడిన ఐ.ఎస్.సి.టూ మఱియొకటి. వీరి పరీక్షలు కఠినములు. పైగా ఉత్తీర్ణుడైనంతమాత్రమున చాలదు. ఐసాకావారి తనిఖీదారు పట్టమును నిలుపుకొనవలె నన్నచో మూడేండ్లలో 120 గంటలు, ఏ యేటను 20 గంటలకు తక్కువ గాకుండ, క్రొత్త విషయములు నేర్చినట్లు చూపవలెను. శాఖాసమావేశములో గూర్చుండి విన్న గంటలును ఆ లెక్కలో చేరును. బడిలో జీవితము గడపిన నాకు ఈ నియమము మిక్కిలి నచ్చినది. పట్టా చేతికి వచ్చిన మఱునాడే పుస్తకము మూసివేయు వృత్తులు మనకు చాల గలవు. ఉపాధ్యాయవృత్తి వానిలో లేదని చెప్పజాలను.

రెండవ తెఱగువానికి పరీక్షలును లేవు, పట్టములును లేవు. వానిలో ముఖ్యమైనది ఓవాస్ప్ అనునది. అది 2001లో మొదలై, 2004లో అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా నిలిచినది. వెబ్‌సైట్లను, వానివంటి యితర నిర్మాణములను భద్రముగా గట్టుట యెట్లో లోకమునకు ఉచితముగా నేర్పుట దాని పని. ప్రపంచమున దానికి రెండువందలకు పైగా శాఖలున్నవి. శాఖాసభలకు రుసుము లేదు. సభ్యుడు కానివాడును వచ్చి వినవచ్చును. వేదిక యెక్కినవాడు తన కంపెనీ సరకును పొగడి యమ్మజూపరాదు. ఈ మూడు నియమములలో చివరిదే కష్టమైనదని నా యభిప్రాయము.

హైదరాబాదులో ఓవాస్ప్ శాఖ యున్నది. మన దేశముననే పుట్టిన 'నల్' అను సంఘపు శాఖయు నున్నది. నల్ అనగా శూన్యము. ఈ రెండవ సంఘమువారు తమ కార్యక్రమములకు పెట్టుకొనిన పేర్లు వినదగినవి. దాడి చేయుట యెట్లో చేతులార చేసి నేర్చుకొను తరగతికి 'హమ్లా' అని పేరు. కాచుకొనుట నేర్చు తరగతికి 'బచావ్'. మఱియొక కూటమునకు 'పులియా', అనగా చిన్న వంతెన. పారిభాషికపదముల కొఱకు ఆంగ్లనిఘంటువు నాశ్రయింపక, బజారులో దొరకు మాటలనే తీసికొనిన వీరి ధైర్యమును నేను మెచ్చుకొంటిని.

నాయొద్ద తొమ్మిది, పది తరగతులు చదివిన శిష్యుడొకడు ఈ వృత్తిలో నున్నాడు. అతడు నన్నొక శనివారము ఉదయమున నగరములోని యిట్టి యొక సభకు దోడ్కొని పోయెను. ఒక కంపెనీవారు సెలవుదినమున తమ భవనములోని గదిని వారికి ఇచ్చియుండిరి. భవనద్వారముననే ఖాకీ దుస్తుల కావలివాడు మమ్ము నిలిపి, పేరును ఫోను సంఖ్యను పుస్తకములో వ్రాయుమనెను. పుస్తకము బల్లమీద తెఱచియే యున్నది. అంతకుముందు వచ్చినవారందఱి పేర్లును, సంఖ్యలును నాకు స్పష్టముగా గనబడుచుండెను. పరుల రహస్యములను గాచువారందఱును వరుసగా తమ రహస్యమును ఆ పుస్తకములో వ్రాసి లోనికి పోయిరి. నా శిష్యునకు చూపితిని. అతడు నవ్వి, "మాస్టారూ, ఇదియే నేటి మొదటి పాఠము" అనెను.

లోపల మొదట నొక యువతి లేచి, గత మాసమున ఏయే చోట్ల ఏయే కన్నములు బయటపడెనో వార్తలు చదువునట్లు చదివెను. పిదప ఇద్దఱు తమ పనిలో గనిపెట్టిన విషయములను తెరపై జూపుచు వివరించిరి. వినువారిలో కళాశాల విద్యార్థులును, ఇరువదియేండ్ల యనుభవము గలవారును పక్కపక్కనే కూర్చుండిరి. ప్రశ్న అడుగుటకు వయసు అడ్డురాలేదు. పద్దెనిమిదేండ్ల బాలుడొకడు వక్తను "మీరు చూపిన దారి నిజముగా మూసివేయబడినదా?" అని మూడుమాఱు లడిగెను. మూడవమాఱు వక్త ఆగి, ఆలోచించి, "పూర్తిగా కాదు" అనెను. మా కాలమున పండితసభలలో నట్టి సమాధానము నేను తఱచుగా వినలేదు.

ఇక్కడ శ్రోతలకొక శంక కలుగవచ్చును. కన్నము వేయుట నలుగురి నడుమ నేర్పుట దొంగలను దయారుచేయుట గాదా? శంక క్రొత్తది గాదు. సంస్కృతమున శూద్రకుని మృచ్ఛకటికము చదివినవారికి శర్విలకుడు తెలియును. అతడు బ్రాహ్మణుడు, చదువుకొనినవాడు, దొంగ. మూడవ యంకమున చారుదత్తుని యింటి గోడ ముందు నిలిచి, విప్పారిన పద్మము వలెనా, సూర్యబింబము వలెనా, నెలవంక వలెనా, పూర్ణకుంభము వలెనా, ఏ యాకారమున కన్నము వేసిన నీ గోడకు తగునని శాస్త్రీయముగా విచారించును. కొలత్రాడు మఱచి వచ్చి, జందెముతో కొలుచును. సంస్కృతమున నట్టి కన్నమునకు 'సంధి' యని పేరు. వ్యాకరణములో రెండు పదములను గలుపునది సంధి. చోరశాస్త్రములో గోడను విడదీయునది సంధి. సంధి యనగా కూడలి గదా. ఎక్కడ రెండు వస్తువులు కలియునో అక్కడనే బలహీనత యుండును. ఈ మాట కంప్యూటర్ల విషయమున నెంత నిజమో ముందు చెప్పెదను.

శర్విలకుని విద్య గృహస్థునకును దెలిసినచో నష్టమా, లాభమా? దీనికి 1851లో లండను నగరమున నొక సమాధానము దొరకినది. ఆ యేట అచ్చట మహాప్రదర్శనము జరిగెను. బ్రామా యను తాళపు కంపెనీవారు 1790 మొదలుగా తమ యంగడి కిటికీలో నొక తాళము నుంచి, దీనిని దొంగచెవితో తెఱచినవానికి 200 గినీల బహుమాన మని ప్రకటించి యుండిరి. అఱువదియేండ్లు దానిని తెఱచినవాడు లేడు. అమెరికానుండి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను తాళముల పనివాడు పదునాఱు దినములలో, మొత్తము 51 గంటలు శ్రమించి, తెఱచి చూపెను. అంతకు ముందే చబ్ అను మఱియొక కంపెనీవారి తాళమును 25 నిమిషములలో తెఱచెను. ఇంగ్లండులో గగ్గోలు పుట్టినది. ఇట్టి విద్యను బయటపెట్టుట తగునా యని కొందఱు కోపించిరి. దొంగలకు మనము నేర్పవలసినది ఏమియు లేదు, వారికి మనకంటె ముందే తెలియును, తెలియనివాడు ఇల్లు గలవాడే యని హాబ్స్ పక్షమువారి వాదము. తరువాత తాళములు మెఱుగుపడినవి. నేటి శాఖలవారును ఈ పక్షమువారే.

ఇక కన్నములలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిని చెప్పెదను. కంప్యూటరునకు మనమిచ్చు వాక్యములో రెండు భాగములుండును: ఆజ్ఞ యొకటి, విషయ మొకటి. 'రామయ్య యను పేరు గలవాని లెక్క చూపుము' అన్నచో 'లెక్క చూపుము' అనునది ఆజ్ఞ, 'రామయ్య' విషయము. ఆజ్ఞను వెబ్‌సైటు కట్టినవాడు ముందే వ్రాసి యుంచును. పేరుమాత్రము వచ్చినవాడు గడిలో పూరించును. దొంగ యేమి చేయును? పేరు వ్రాయవలసిన గడిలో నొక ఉద్ధరణచిహ్నము పెట్టి వాక్యము నక్కడ తెంపును. దానివెనుక 'లేక ఒకటి యొకటితో సమానమైనచో' అను మాటలు చేర్చును. యంత్రమునకు వివేకము లేదు. పేరు ఇక్కడితో ముగిసినది, తక్కినది యజమాని యాజ్ఞయే యని తలంచును. ఒకటి యొకటితో నెల్లప్పుడును సమానమే గదా! కావున రామయ్య లెక్కయే కాదు, ఊరివారందఱి లెక్కలును దొంగ ముందు పఱచి పెట్టును.

శాతవాహనరాజు కథ విన్నవారికి ఇది సులభముగా దెలియును. కథాసరిత్సాగరమున నున్న కథ యది. జలక్రీడలో రాణి అలసి 'మోదకైః' అనెను. 'మా ఉదకైః', అనగా 'నీళ్లతో వద్దు' అని యామె భావము. రాజు పదచ్ఛేద మెఱుగక, మోదకములు, అనగా కుడుములు, తెప్పించెను. రాణి నవ్వినది, రాజు సిగ్గుపడి వ్యాకరణము నేర్చుకొనెను. శర్వవర్మ కాతంత్రవ్యాకరణము ఆ కారణముననే పుట్టినదని కథ. రెండు మాటలు గలియుచోట తెంపు తప్పినందున విషయ మొకటి మఱియొకటి యైనది. రాజునకు సిగ్గుతో పోయినది. కంప్యూటరునకు సిగ్గు లేదు, నష్టము మనకు.

ఈ మోసమును 1998లో జెఫ్ ఫారిస్టల్ అను పరిశోధకుడు పత్రికాముఖమున వివరించెను. పదేండ్లు గడచినను మానలేదు. 2007 చివర అమెరికాలోని హార్ట్‌లాండ్ అను చెల్లింపుల సంస్థలోనికి దొంగలు ఈ కన్నముననే దూఱి, మెల్లగా లోలోపలికి ప్రాకి, సుమారు 13 కోట్ల కార్డుల సంఖ్యలను అపహరించిరి. సంగతి 2009 జనవరిలో బయటపడినది. ముఖ్యదోషి ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో ఇరువదియేండ్ల చెఱసాల విధింపబడినది. గడిలో నొక ఉద్ధరణచిహ్న మెక్కువైనందున ఇంత!

మందు కష్టమైనది గాదు. ఆజ్ఞను, విషయమును ఒకే వాక్యముగా గుచ్చక, వేఱువేఱుగా పంపవలెను. అప్పుడు గడిలో నెవడేమి వ్రాసినను యంత్రము దానిని పేరుగానే చదువును. బడిలో శ్రుతలేఖనము చెప్పునప్పుడు మేము గొంతు మార్చి "చుక్క పెట్టుడు" అనెడివారము. గొంతు మార్పు గమనింపని పిల్లవాడు 'చుక్క పెట్టుడు' అనియే పుస్తకములో వ్రాసికొనును. పాఠమునకొక గొంతు, ఆజ్ఞకొక గొంతు నుండవలెననుటయే ఈ మందు. ఇంత సులభమైన మందు ఉండియు రోగము పోకుండుటకు కారణము, క్రొత్తగా పని నేర్చినవాడు ప్రతియేటను మొదటినుండి ఆ తప్పే చేయుట. కాబట్టియే శాఖలో పాతపాఠము మరల మరల చెప్పుచుందురు.

ఓవాస్ప్‌వారు 2003 మొదలుకొని కొన్ని యేండ్లకొకమాఱు పది ముఖ్యాపాయముల పట్టికను ప్రకటించుచున్నారు. 2017 పట్టికలో ఇప్పుడు చెప్పిన కన్నము చేరిన వర్గమునకే మొదటిస్థానము. 2021 పట్టికలో అది మూడవస్థానమునకు దిగి, అనుమతులను సరిగా చూడకపోవుట యను దోషము మొదటికి వచ్చినది. ఈ దోషము మఱింత సామాన్యమైనది. విద్యార్థి తన మార్కులపత్రమును తెఱచును. పై వరుసలో నతని సంఖ్య 104 అని యుండును. ఊరక దానిని 105గా దిద్దును. ప్రక్కవాని మార్కులు వచ్చును. వీధిగుమ్మమున చీటి చూచిన ద్వారపాలకుడున్నాడు గాని, లోపలి గదుల కెవడును లేడు. ఇందులో విద్యయే లేదు, చేతివ్రేలు చాలును.

సరిగా నిట్టిదే నా శిష్యుని తోటివాని కొకనికి ఎదురైనది. అతడప్పటికి విద్యార్థి. ఒక విద్యాసంస్థవారి ఫలితముల పుటలో, పొరపాటున సంఖ్య మాఱగా, పరుల వివరములు ఫోను సంఖ్యలతోగూడ గనబడెను. మంచిమాటగా వారికి జాబు వ్రాసెను. కన్నము పూడ్చుటకు ముందు వారు చేసిన పని, నీమీద పోలీసులకు ఫిర్యాదు చేసెదమని బెదరించుట. పిల్లవాని తండ్రి చిన్న యుద్యోగి. ఇంటిల్లిపాదియు కొన్ని వారములు నిద్రలేక గడపిరి. చివరకు శాఖలోని పెద్దలు ఇద్దఱు పోయి మాటాడగా ఆ సంగతి అంతటితో నిలిచినది.

చట్టమేమి చెప్పును? 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున 43వ సెక్షను ప్రకారము, యజమాని యనుమతి లేక కంప్యూటరులో చొచ్చుట నష్టపరిహారమునకు కారణము. అదే పనిని నిజాయితీ లేక, మోసబుద్ధితో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు చెఱ గాని, అయిదు లక్షల వఱకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మోసబుద్ధి యుండవలెననుట 66లో నున్నది, 43లో లేదు. బుద్ధి మంచిదని నిరూపించుకొనుట న్యాయస్థానమున గాని సాధ్యము గాదు, అంతకు ముందు ఠాణా యున్నది. చూచినవాడు చెప్పక యూరకున్నచో, చెప్పనివాడు, అనగా దొంగ, ఒక్కడే దానిని వాడుకొనును. మంచిబుద్ధితో తెలుపువానికి చట్టమునందే స్పష్టమైన రక్షణ యుండవలెనని నేను భావించుచున్నాను.

శాఖలవారు ఈ చిక్కును బాగుగా ఎఱుగుదురు. కావున మొదటిదినముననే క్రొత్తవానికి చెప్పునది ఇది: అనుమతి లేనిదే పరుల తలుపు తట్టవలదు. తట్టి నేర్చుకొనుటకే కట్టిన యిండ్లు వేఱే యున్నవి. ఓవాస్ప్‌వారి వెబ్‌గోట్ అట్టిది. కావలెనని కన్నములతోనే నిర్మించినది. గోటనగా మేక, ప్రోగ్రాములు వ్రాయువారి తప్పులకు నింద మోయు బలిమేక యని వారి పరిహాసము. జ్యూస్ షాప్ అను మఱియొకటి పండ్లరసముల యంగడివలె నుండును. దానిని విద్యార్థులు ఎంత కొల్లగొట్టినను ఎవని సొమ్మును పోదు. నిజమైన కన్నము కనబడినచో, యజమానికి తెలుపవలెను. యజమాని వినకున్నను, వినడని తోచినను, సెర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థకు వ్రాయవలెను. అది 2004 మొదలు పనిచేయుచున్నది. ఇట్టి సమాచారమును స్వీకరించి యజమానితో తానే మాటాడును. 2022 ఏప్రిలు నాటి దాని యాదేశము ప్రకారము, సంస్థలు తమ కంప్యూటర్లపై జరిగిన దాడులను తెలిసిన యాఱు గంటలలో దానికి నివేదింపవలెను. దాచిపెట్టు నలవాటు గల మన సంస్థలకు ఇది మేలైన కట్టడి.

శాఖలమీద నాకొక యసంతృప్తి లేకపోలేదు. సభలో జరిగిన ప్రసంగములన్నియు ఆంగ్లముననే. విరామమున తేనీరు ద్రాగుచు అందఱును తెలుగుననే మాటాడుకొనిరి, ఆ మాటలలో విషయము వేదికమీదికంటె స్పష్టముగా నుండెను! మండలకేంద్రములోని సహకారబ్యాంకి గుమాస్తాకు, పంచాయతి కార్యాలయములో కంప్యూటరు నడుపు బాలికకు, చిన్న దుకాణదారునకు ఈ విద్య యెవరు చెప్పవలెను? 'కన్నము', 'గడియ', 'దొంగచెవి', 'కావలి' యను మాటలు మనకు లేవా? నా శిష్యునితో నీ మాటే చెప్పగా, నెలకొక ప్రసంగమైన తెలుగున నుండునట్లు పెద్దలతో మాటాడెదననెను. పారిభాషికపదములు సమకూర్చు పని నాకు అప్పగించెను. ఇప్పటికి నలువదింటికి మాటలు కుదిరినవి. 'పాస్‌వర్డు'నకు మాత్రము 'పాస్‌వర్డు' కంటె మంచి తెలుగు దొరకలేదు.

యంత్రపు కన్నములను వీరు పూడ్చుచున్నను, మనుష్యునియందలి కన్నమున్నది. బ్యాంకినుండి మాటాడుచున్నాననియో, పోలీసు నధికారిననియో ఫోనులో వెఱపించి, ఓ.టి.పి. యడిగి, పింఛను సొమ్ము నూడ్చుకొనిపోవు దొంగకు ఉద్ధరణచిహ్నముతో పనిలేదు. ఈ కారణముచేతనే శాఖాసభ్యులు కొందఱు సెలవులలో పాఠశాలలకును, పింఛనుదారుల సంఘములకును పోయి మాటాడుచున్నారు. వారు అచ్చట చెప్పునది రెండు మాటలు. ఓ.టి.పి. అడుగువాడు ఎంత పెద్ద పేరు చెప్పినను ఫోను పెట్టివేయవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడి, కొడుకునకు తెలియునేమో యని దాచి, రెండు దినములు గడపక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సొమ్ము మొదట నొక ఖాతాలోనికి, అచ్చటనుండి చిన్నచిన్న మొత్తములుగా పది ఖాతాలలోనికి పోవును. ఆ మొదటి ఖాతాలో నుండగనే సమాచార మందినచో, బ్యాంకివారు దానిని అక్కడనే నిలుపుటకు వీలుండును.